ఖాండవం నుంచి నిమ్మలపాడు దాకా: మన్యంలో వీరుడెవరు?

1900వ సంవత్సరం మే నెల. సాలూరు తాలూకా కొర్రవానివలసలో నాలుగైదు వేలమంది కొండజనం చేరి ఉన్నారు. వాళ్ల మధ్య కొర్ర మల్లయ్య అనే కొండదొర. పంచపాండవుల్లో ఒకరు తనలో మళ్లీ పుట్టారని, తన పసికొడుకు సాక్షాత్తూ కృష్ణుడని, ఇంగ్లీషువాళ్లను తరిమేసి ఈ సీమను తానే ఏలుతానని అతను చెప్పాడు. జనం నమ్మారు. వెదుళ్లు నరికి తుపాకుల ఆకారంలో చెక్కారు. వేళ వచ్చినప్పుడు ఆ వెదుళ్లు నిజం తుపాకులైపోతాయి, సర్కారు ఆయుధాలు నీళ్లైపోతాయి. ఆ నమ్మకంతోనే కవాతు చేశారు. పాచిపెంట మీద పడతామని కబురు పంపారు. మే 1న సంగతి కనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. మే 7 తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రప్పించిన రిజర్వు పోలీసులతో ఆ బస మీద పడ్డాడు. కాల్పుల్లో 11 మంది చనిపోయారు. 60 మంది మీద దొమ్మీ కేసు పెట్టారు. మల్లయ్య జైల్లోనే కన్నుమూశాడు. ఇద్దరిని ఉరితీశారు. కృష్ణుడని కొలిచిన ఆ బిడ్డ కూడా బతకలేదు.

1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజెటీరులో ఫ్రాన్సిస్ దొర ఈ కథంతా ఒక్క పేరాలో చెప్పేసి, గొడవ అంతటితో తీరిందని ముగించాడు. తీరలేదని మనకు తెలుసు. సరిగ్గా 24 ఏళ్ల తర్వాత, అదే మే 7న, కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. ఒకరు దేశమంతటికీ పరిచయమైన వీరుడు. ఇంకొకరి పేరు సాలూరు బడిలో చదివే పిల్లలకైనా తెలుసో లేదో. ఇతిహాసవీరుడికీ ఈనాటి వీరుడికీ తేడా ఏమిటన్న ప్రశ్నను తూర్పుకనుమల్లో వేసుకుంటే, అది ఈ ఇద్దరి మధ్య ఉన్న దూరం దగ్గరే మొదలవుతుంది.

మన ఆలంకారికులు వీరుణ్ణి చాలా శ్రద్ధగా కొలిచి పెట్టారు. వీరరసంలో దానవీరం, దయావీరం, యుద్ధవీరం, ధర్మవీరం అన్న భేదాలు చెప్పారు. నాయకుల్ని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని విడదీశారు. ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు ఈ లక్షణాలన్నిటికీ ఉదాహరణగా ప్రతాపరుద్రుణ్ణే నిలబెట్టి ఒక శాస్త్రగ్రంథం రాశాడు. వీరుడు సత్కులంలో పుట్టాలి, కీర్తి కోసం ప్రాణం ఇవ్వగలగాలి. కొద్దికాలం బతికినా పేరు నిలవాలని కోరుకున్న గ్రీకుల అఖిలీసు కూడా ఇలాంటివాడే. ఈ లెక్కలో యుద్ధం ఒక మనిషి గొప్పతనాన్ని బయటపెట్టే సందర్భం. ఆ యుద్ధంలో చచ్చిపోయిన వేలమంది సైనికుల సంగతి కావ్యానికి అక్కర్లేదు.

అయితే కొండవైపు నుంచి చదివితే మరొకటి కనబడుతుంది. ఇతిహాసాల్లో వీరుడు అడవికి బయటివాడు. వనవాసానికో, తపస్సుకో, వేటకో వస్తాడు, పని పూర్తయ్యాక రాజ్యానికి తిరిగి వెళ్తాడు. కృష్ణార్జునులు ఖాండవవనాన్ని అగ్నికి ఆహుతిచేసిన కథ ఆదిపర్వంలో ఉంది. పారిపోబోయిన జంతువుల్ని, నాగుల్ని మళ్లీ మంటల్లోకే తరిమారు. ప్రాణాలతో మిగిలిన కొద్దిమందిలో ఒకడైన మయుడు ఆ కృతజ్ఞతకు సభ కట్టిచ్చాడు. ఇరావతి కర్వే తన 'యుగాంత'లో ఈ దహనాన్ని కొత్త భూమి కోసం చేసిన పనిగా చదివి మన కళ్లు తెరిపించారు. ఇది మనదేశపు కథ మాత్రమే అనుకోనక్కర్లేదు. లోకంలోని అతి పాత ఇతిహాసంలో గిల్గమేషు చేసిన మొదటి ఘనకార్యం దేవదారు అడవికి వెళ్లి, దాన్ని కాపలా కాస్తున్న హుంబాబాను చంపి, చెట్లు నరికి ఊరికి తెచ్చుకోవడమే. నాలుగు వేల ఏళ్ల నాడే వీరుడి చేతికి గొడ్డలి ఇచ్చారు.

అడవిలో ఉండేవాళ్లకు ఈ కథల్లో దొరికిన పాత్రలు కొన్నే. గుహుడిలా పడవ కట్టి ఏరు దాటించాలి, శబరిలా పళ్లు ఏరిపెట్టి ఎదురుచూడాలి, ఏకలవ్యుడిలా బొటనవేలు కోసివ్వాలి. ఏకలవ్యుడి గతి అక్కడితో ఆగలేదు. అతన్ని తానే చంపాననీ, అది పాండవుల మేలు కోసమేననీ ద్రోణపర్వంలో కృష్ణుడు చెప్తాడు. కిరాతుడి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. వేటగాడు ఎదురు నిలిచి అర్జునుణ్ణి ఓడించాడు. అతను శివుడని తెలిశాక అర్జునుడు మొక్కాడు. అతను నిజంగా వేటగాడే అయి ఉంటే అర్జునుడు మొక్కేవాడా అన్న ప్రశ్న మన కవులెవరూ అడగలేదు.

ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. భారతకవి ఈ విషయాల్ని దాచలేదు. ఏకలవ్యుడి వేలు తెగిన సంగతి చెప్పకుండా వదిలేస్తే అడిగేవాడు లేడు, అయినా చెప్పాడు. యుద్ధం గెలిచిన ధర్మరాజు శాంతిపర్వంలో సింహాసనం వద్దని ఏడుస్తాడు. వీరత్వం మీద అనుమానం ఆధునికులు కనిపెట్టినది కాదు, ఇతిహాసం కడుపులోనే అది ఉంది. మనం కథలు చెప్పుకునేటప్పుడు దాన్ని వదిలేసి విల్లంబులు మాత్రం తెచ్చుకున్నాం.

కొండలవాళ్లు మాత్రం ఆ కథల్ని తమ పద్ధతిలో తీసుకున్నారు. కొండదొరలు తాము పాండవుల సంతతి అని చెప్పుకుంటారనీ, పాండవుల్ని, ఈటెను, పులిని కలిపి కొలుస్తారనీ వందేళ్ల కిందటి పుస్తకాల్లోనే నమోదైంది. అంటే కొర్ర మల్లయ్య చెప్పినది పిచ్చిమాట కాదు. భీముడో అర్జునుడో అతని తాతముత్తాతల్లో ఒకడు. మల్కనగిరి బోండాలు తమ ఆడవాళ్లు తల గొరిగించుకోవడానికి కారణం సీత శాపమని చెప్తారు. స్నానం చేస్తున్న సీతను చూసి నవ్వినందుకట. శబరి పేరుతో ఒక నదే ఈ కొండల్లో పారి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మైదానంలో రాముడి కథలో శబరి ఒక ఘట్టం. ఇక్కడ రాముడే శబరి ఊరిమీదుగా పోయిన ఒక బాటసారి.

తమవే అయిన వీరకథలూ ఉన్నాయి. వాటి స్వభావం వేరు. ములుగు అడవిలోని మేడారంలో కోయలు కొలిచే సమ్మక్క, సారలమ్మ కాకతీయ ప్రతాపరుద్రుడి సేనతో తలపడ్డారని కథ. విద్యానాథుడి కావ్యనాయకుడు ఈ కథలో కప్పం కోసం కోయల మీదికి దండెత్తినవాడు! సమ్మక్క యుద్ధంలో గాయపడి చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయింది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమభరిణె. సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణం విడిచిన వాగు జంపన్నవాగు అయింది. రెండేళ్లకోసారి లక్షలమంది అక్కడికి వెళ్లి బెల్లాన్ని బంగారమని మొక్కు చెల్లిస్తారు. అక్కడ విగ్రహం లేదు, పూజారులు కోయలే. ఓడిపోయినవాళ్లను కొలిచే జాతర అది, అందులోనూ ముందుపేరు ఆడవాళ్లది.

ఇటు అరకు, పాడేరు వైపు వస్తే ఇటుకల పండుగ ఉంది. చైత్రంలో మగవాళ్లు కలిసి వేటకు వెళ్తారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్లకు ఆడవాళ్లు పేడనీళ్లతో స్వాగతం చెప్పే ఆచారాన్ని పాత గెజెటీరు కూడా రాసింది. వేటలో మగతనం ఎంతో తేల్చేది ఊరి ఆడవాళ్లు. దొరికిన మాంసంలో ఊరందరికీ వాటా ఉంటుంది. ధింసా నాట్యంలో చేతులు వెనకగా అల్లుకుని వరస కట్టినప్పుడు ఎవరు ప్రధాన నర్తకి అని అడిగితే జవాబు ఉండదు. ఒక్కణ్ణి పైకెత్తి మిగతావాళ్లను నేపథ్యంలోకి నెట్టే కథనానికి ఈ సంస్కృతిలో పునాది లేదు. ఆ పునాది మనం తెచ్చి వేశాం.

ఎప్పుడు వేశామన్నది తెలియాలంటే పితూరీల, అంటే కొండ తిరుగుబాట్ల, చరిత్రలోకి వెళ్లాలి. రంపలో 1879లో లేచిన పితూరీకి మూలం కల్లు. ఇంటికోసం తీసుకునే కల్లు మీద సర్కారు ఆబ్కారీ గుత్తదారుల్ని పెట్టింది. అది చాలదన్నట్టు రంప మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు ముత్తాలనే కొండ ఎస్టేట్లలో జనాన్ని లేపారు. తర్వాత 1882 అటవీ చట్టం పోడును నేరం చేసింది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో 'సబాల్టర్న్ స్టడీస్' మొదటి సంపుటిలో 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో జరిగిన తిరుగుబాట్లను ఒకే వరుసలో పెట్టి చూపించారు. పోడు, కల్లు, షావుకారు అప్పు, ముత్తాదారుల పరువు, అన్నిటికీ ఇవే కారణాలు, మళ్లీ మళ్లీ. 1984లో అట్లూరి మురళి మన్యం తిరుగుబాటును విడిగా తీసుకుని చర్చించారు. ఈ పరిశోధనల తర్వాత 1922 పితూరీ ఒక మహాపురుషుడి రాకతో ఆకాశం నుంచి ఊడిపడిందని చెప్పడానికి వీల్లేదు. అయినా మన పాఠ్యపుస్తకాలూ సినిమాలూ ఇప్పటికీ అలాగే చెప్తున్నాయి.

సీతారామరాజు గొప్పతనం మీద నాకు ఏ సందేహమూ లేదు. మైదానం నుంచి వచ్చి, కొండజనంతో ఉండి, తాగుడు మానమని, కోర్టులకు పోవద్దని, తగువులు పంచాయతీలో తీర్చుకోమని చెప్పి, చివరికి వాళ్ల పోరాటంలో ప్రాణమిచ్చాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసుస్టేషన్లు, 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. మిరపకాయ టపా పంపి ముందుగా చెప్పి మరీ దాడిచేయడం పాత వీరుల పద్ధతి. ఎన్ని ఆయుధాలు తీసుకున్నదీ స్టేషన్లో కాగితం మీద రాసి సంతకం పెట్టి పోవడం కొత్తకాలపు పద్ధతి. రెండూ ఆ ఒక్క మనిషిలోనే కలిశాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కవార్డు, హైటరు అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయాక మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దించవలసి వచ్చింది. రెండేళ్లు అంత బలగాన్ని కొండల్లో తిప్పడం రాజు ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అన్నం పెట్టిన పల్లెలు, దారి చెప్పిన మనుషులు, జాడ చెప్పనందుకు దెబ్బలు తిన్నవాళ్లు ఎందరో ఉన్నారు.

బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర మొదట్నుంచీ రాజు వెంట ఉన్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనికి జనాన్ని బలవంతాన పట్టించి, కూలి సరిగ్గా ఇవ్వక వేధించిన రోజుల్లో ఆ బాధ నేరుగా పడినవాళ్లు వాళ్లు. రాజు పోయిన నెలకే, 1924 జూన్‌లో, గంటందొర పోరాడుతూ చనిపోయాడు. మల్లుదొర అంతకుముందే పట్టుబడి అండమాన్ జైలుకు వెళ్లాడు. తిరిగొచ్చి, 1952 తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. విల్లు పట్టిన చేయి బ్యాలెట్టు పెట్టె ముందుకు వచ్చిన ఈ ప్రయాణం తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన వీరగాథ. దీనిమీద ఒక్క పెద్ద సినిమా లేదు. ఎందుకంటే ఇతిహాసపు అచ్చులో ఇది ఇమడదు. వీరుడు యుద్ధంలో చనిపోవాలి, లేదా పట్టాభిషేకం చేసుకోవాలి. జైలుశిక్ష అనుభవించి ఇంటికొచ్చి, ఓట్లడిగి, పార్లమెంటులో కూర్చున్న ఆదివాసీకి ఆ అచ్చులో చోటు లేదు.

రాజుకు మాత్రం ఆ అచ్చు సరిగ్గా సరిపోయింది. క్షత్రియవంశం, కాషాయం, విల్లంబులు, అడవి, వెంట నడిచే వనవాసులు. పేరులోనే సీతా, రాముడూ ఉన్నారు. 1974లో కృష్ణ నటించిన సినిమా ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చింది. అందులోని పాటకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చింది. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' అయితే దాపరికం లేకుండా రాజుకు రాముడి వేషమే వేసింది. అదే సినిమాలో కొమురం భీము చివర్లో తనకు చదువు చెప్పమని రాజును అడుగుతాడు. జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన గోండు నాయకుడు అసలు జీవితంలో చదవడం, రాయడం నేర్చుకున్నవాడేనని ఆయన కథ తెలిసినవాళ్లు చెప్తారు. గుహుడి పాత్ర ఖాళీగా ఉంది కాబట్టి భీమును అందులో కూర్చోబెట్టారు. వినోదమే కదా అని వదిలేయడం నాకు చేతకాదు. కొన్ని కోట్లమందికి ఇకమీదట భీము అంటే ఆ రూపమే.

వీరత్వం గురించి ఆధునికకాలం తెచ్చిన అసలు ప్రశ్న హింసకు సంబంధించినది. 1929లో గాంధీజీ రాజు గురించి రాస్తూ, సాయుధ తిరుగుబాటును తాను మెచ్చుకోలేనని చెప్పి, ఆ యువకుడి ధైర్యానికీ త్యాగానికీ శిరసు వంచారు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టడం తేలిక కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపాక శ్రీకాకుళం కొండలు అంటుకున్నాయి. ఆ పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను అందులోకి తెచ్చాడు. వీరగాథ చెప్పే పాత కళారూపం మళ్లీ బతికింది. 1970లో సత్యం, కైలాసం ఇద్దరూ పోయారు. అదే సంవత్సరం షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదన్న 1/70 నిబంధన వచ్చింది. చట్టం వెనక ఆ రక్తం ఉందని మరిచిపోలేం. అలాగే 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. చనిపోయిన ఇద్దరూ ఆదివాసీలే. తుపాకీ పట్టినవాడు వీరుడు, ఎదుట నిలబడ్డవాడు రాక్షసుడు అనే ఇతిహాసలెక్క ఈ కొండల్లో ఇక నడవదని ఆ రోజు తేలిపోయింది.

మరి నడిచేది ఏది? నా జవాబు బొర్రా గుహల దగ్గర ఉంది. 1990ల్లో అనంతగిరి మండలంలో నిమ్మలపాడు, దాని చుట్టుపక్కల పల్లెల భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. ఊరివాళ్లు 'కదలం' అన్నారు. సమత అనే సంస్థ వాళ్లతో కలిసి కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1997 జులై 11న తీర్పు వచ్చింది. 1/70 నిబంధన కింద ప్రభుత్వం కూడా ఒక వ్యక్తే, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు అది భూమి ఇవ్వకూడదు, గని తవ్వితే ప్రభుత్వసంస్థో గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి, నికరలాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు జనం కోసం కేటాయించాలి అని జస్టిస్ కె.రామస్వామి ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. దేశమంతా ఆదివాసీ ప్రాంతాల్లో ఇప్పటికీ ఈ తీర్పునే చూపిస్తారు. ఇందులో విల్లు లేదు, గుర్రం లేదు, ఒక్క నాయకుడు లేడు. ఏళ్లతరబడి ఊళ్లో కూర్చుని 'మేం కదలం' అన్న మనుషులున్నారు.

చింతపల్లి బాక్సైట్ కోసం 2015లో జీవో 97 వచ్చినప్పుడూ అదే జరిగింది. పార్టీలకు అతీతంగా పల్లెలు లేచాయి. 2019లో ఆ జీవో రద్దయింది. ఇంకొంచెం ఉత్తరానికి వెళ్తే, ఒడిశాలో ఇదే తూర్పుకనుమల నియమగిరి ఉంది. డొంగ్రియా కోందులకు ఆ కొండే దేవుడు, నియమరాజు. కట్టుబాట్లు పెట్టింది ఆయనే. సుప్రీంకోర్టు 2013లో అక్కడ గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలంది. ఎంచుకున్న 12 గ్రామసభలూ, జిల్లా జడ్జి చూస్తుండగా, ఒక్కొక్కటిగా గని వద్దని చెప్పాయి. ఖాండవం తగలబడిన కథకు ఇన్ని వేల ఏళ్ల తర్వాత అడవి వైపు నుంచి వచ్చిన సమాధానంగా నేను దాన్ని చదువుకుంటాను.

ఓడినా వీరత్వమే అనిపించేది వాకపల్లి. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని జి.మాడుగుల మండలంలోని ఆ ఊరి కోందు స్త్రీలు 11 మంది ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని తప్పుపట్టి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. దాదాపు 16 ఏళ్లు మాట మార్చకుండా నిలబడడానికి ఎంత గుండె కావాలో ఊహించండి. మన కావ్యాల్లో ద్రౌపది ప్రశ్న అడిగింది, కానీ ఆమె తరఫున పగ తీర్చుకోవడానికి ఐదుగురు భర్తలున్నారు. ఈ స్త్రీలకు కోర్టు వాయిదాలు మాత్రమే ఉన్నాయి.

వానాకాలంలో రోడ్డులేని శిఖరగ్రామాల నుంచి నిండుచూలాలిని డోలీలో మోసుకుని ఘాట్ రోడ్డు దాకా దిగే మగవాళ్ల గురించి స్థానిక పత్రికల్లో తరచు చదువుతుంటాం. వాళ్లను వీరులు అనడానికి నాకు ఇష్టం లేదు. అలా పొగిడితే, రోడ్డు వేయాల్సినవాళ్ల బాధ్యత ఆ పొగడ్త చాటున దాక్కుంటుంది. జనాన్ని వీరులుగా బతకమని వదిలేయడం పాలన కాదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది జులై 4న భీమవరంలో 30 అడుగుల విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. రెండూ మంచిపనులే. ఇక చేయవలసినవి చిన్నవి, పెద్దగా ఖర్చులేనివి. అల్లూరి జిల్లా బడుల్లో గాం సోదరుల పాఠం ఉండాలి. సాలూరు దగ్గర కొర్ర మల్లయ్య పేరు ఒక రాయి మీద చెక్కాలి, ఆయనతోపాటు కాల్పుల్లో పోయిన 11 మందినీ చేర్చి. నిమ్మలపాడు తీర్పును సులభమైన తెలుగులో, కువి భాషలో అచ్చువేసి గ్రామసభలకు పంచాలి. పితూరీల్లో శిక్షపడ్డ కుటుంబాల ముసలివాళ్లు ఇంకా చెప్పగలిగినంత కాలమే మనకు వ్యవధి ఉంది. మన్యంలో పనిచేసే టీచర్లూ, వారాంతంలో అరకు వెళ్లొచ్చే పాఠకులూ ఈసారి ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. అడగండి, విన్నది రాసి, చెప్పినవాళ్లకు చదివి వినిపించి, అచ్చువేయించండి.